థర్సోకి వస్తున్న చెల్లికి: బియ్యం సంగతి తర్వాత, ముందు బెంగ సంగతి

చెల్లీ, స్కాట్లాండ్ ఉత్తరపు కొసనున్న ఈ థర్సోకి నర్సుగా వచ్చేముందు నువ్వు పంపిన ప్రశ్నలు లెక్కపెట్టాను. పదకొండు. అందులో నాలుగు బియ్యం గురించే. నవ్వాను గానీ కొంచెమే, ఎందుకంటే వచ్చేముందు నేనూ ఇవే అడిగాను. బియ్యం మాకు దగ్గర నగరమైన ఇన్వర్‌నెస్‌లో దొరుకుతాయి, ఆన్‌లైన్‌లోనూ తెప్పించుకోవచ్చు. హైలాండ్స్, అంటే ఈ ఉత్తరపు కొండప్రాంతం అడ్రస్ చూడగానే కొందరు డెలివరీ ఛార్జీ ఎక్కువ వేస్తారు, డబ్బు కట్టేముందు చూసుకో. వీసా, నర్సు రిజిస్ట్రేషన్ పరీక్ష వివరాలు ప్రభుత్వ సైట్లలో ఉంటాయి. రూల్స్ మారుతుంటాయి, నా మాట పట్టుకోకు. స్కాట్లాండ్‌లో డాక్టర్ రాసిచ్చిన మందులకి డబ్బు కట్టక్కర్లేదు. ఇల్లు చూసేటప్పుడు హీటింగ్ గ్యాసా, కరెంటా, ఆయిలా అని అడుగు. ఊరి బయట ఇళ్ళకి కిరోసిన్ ట్యాంకు ఉంటుంది, మామూలుగా 500 లీటర్లకి తక్కువైతే తెచ్చి పొయ్యరు. మొదటి జీతం రాకముందే ఆ బిల్లు వస్తే కళ్ళు తిరుగుతాయి.

ఇవన్నీ ఎలాగో జరిగిపోతాయి. బెంగ సంగతి మాత్రం నువ్వు అడగనే లేదు.

మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. 2016 అక్టోబరులో ఇక్కడ ఒక కేర్ హోమ్‌లో, అంటే పెద్దవాళ్ళని చూసుకునే చోట, నర్సుగా చేరాను. బ్రిటన్ ప్రధాన భూభాగంలో ఇంతకంటే ఉత్తరాన మరో పట్టణం లేదు. ఇన్వర్‌నెస్ నుంచి రైల్లో దాదాపు నాలుగు గంటలు. దారిలో మైళ్ళకొద్దీ గోధుమరంగు నేల, నల్లటి నీటిగుంటలు. ఈ చిత్తడినేలని ఫ్లో కంట్రీ అంటారు, 2024లో యునెస్కో వారసత్వ జాబితాలో కూడా చేరింది. ఆ రోజు మాత్రం కిటికీలోంచి అది చూసి ఏడుపొచ్చింది. కనుచూపు మేరలో ఒక్క కొబ్బరిచెట్టు లేని ఊరికి వచ్చానే అని.

మొదటి వారంలోనే ఒక పెద్దాయనకి టీ ఇచ్చి, చక్కెర సరిపోయిందా అని అడిగాను. ఆయన గుక్కపట్టినట్టు ఊపిరి లోపలికి లాగాడు. మళ్ళీ అడిగాను, మళ్ళీ అదే. నేను హడలిపోయి పల్స్ ఆక్సీమీటర్ తెచ్చి వేలికి పెట్టాను. ఆక్సిజన్ 96, బాగానే ఉంది. పక్కనున్న అమ్మాయి నవ్వు ఆపుకోలేక చెప్పింది, ఆయన 'ఆయ్' అంటున్నాడని. 'అవును' అనడం అన్నమాట. మన కోనసీమలో 'ఆయ్' బయటికి అంటాం, వీళ్ళు కొన్నిసార్లు లోపలికి అంటారు, అంతే తేడా. ఆ రాత్రి అమ్మకి ఫోన్ చేసి చెబుతూ నవ్వాను, పెట్టేశాక ఏడ్చాను.

అక్కడే మొదటి తప్పు చేశాను. ఏరికోరి నైట్ డ్యూటీలు అడిగాను. డబ్బు కాస్త ఎక్కువొస్తుంది, పైగా పొద్దున ఎనిమిదికి డ్యూటీ దిగేసరికి మనకి అక్కడ మధ్యాహ్నం ఒకటిన్నర, అమ్మ భోజనం చేసి తీరిగ్గా మాట్లాడుతుంది. లెక్క బాగానే ఉంది. కానీ ఇక్కడ డిసెంబరులో సూర్యుడు తొమ్మిదికి వచ్చి మూడున్నర లోపే వెళ్ళిపోతాడు. ఆ వేళంతా నేను నిద్ర. కొన్ని వారాలు ఎండ మొహమే చూడలేదు. శరీరం థర్సోలో, మనసు అమలాపురంలో. అమ్మ కూరలో ఉప్పెక్కువైందన్నా దిగులే.

రెండో తప్పు మొహమాటం. పక్కింటావిడకి డెబ్భై దాటాయి. నేను వచ్చిన మూడో రోజే తలుపు తట్టి, వాళ్ళింటికొచ్చి టీ తాగి వెళ్ళమంది. 'వద్దులెండి, మరోసారి' అన్నాను. మనింట్లో అయితే ఎదుటివాళ్ళు ఊరుకుంటారా? చెయ్యి పట్టుకుని లాక్కెళ్తారు, మనం మూడోసారికి ఒప్పుకుంటాం. ఆవిడ 'సరే అమ్మా' అని వెళ్ళిపోయింది. రెండో పిలుపు కోసం నాలుగు నెలలు ఎదురుచూశాను! పొగరు అనుకున్నాను. వద్దంటే వద్దనే అనుకోవడం వీళ్ళ మర్యాద అని తర్వాతెప్పటికో అర్థమైంది.

ఈలోగా మనవాళ్ళ కోసం ఉగాదికి గ్లాస్గో వెళ్ళాను. 450 కిలోమీటర్ల పైమాటే, పోనూ రానూ రెండు రోజులు. పచ్చడి తిన్నాను, పాటలు విన్నాను, పదిమంది నంబర్లు తీసుకున్నాను. తిరుగు రైల్లో వెళ్ళకముందు కంటే బెంగ ఎక్కువైంది. వెళ్ళొద్దని కాదు, వెళ్ళు. కానీ ఏడాదికి రెండుసార్లు కనిపించేవాళ్ళు ఏ మామూలు మంగళవారం సాయంత్రమో బెంగేస్తే పనికిరారు.

చివరికి నేనే సిగ్గు చంపుకుని ఒక డబ్బాలో పులిహోర పెట్టుకుని పక్కింటి తలుపు తట్టాను. 'శనివారం ఐదింటికి టీకి రా' అంది ఆవిడ. టీయే కదా అని కడుపునిండా పప్పన్నం తిని వెళ్ళాను. టేబుల్ మీద కంచాలు, ఫోర్కులు! ఇక్కడ టీ అంటే రాత్రి భోజనం కూడానట. వండింది బీఫ్ కైమా, బంగాళాదుంపలు. నేను తినను, ఆ మాట నోట్లోంచి రాలేదు, కడుపు నిండిందన్నాను. ఆవిడ మొహం చిన్నబోయింది. మర్నాడు వెళ్ళి అసలు సంగతి చెప్పాను. 'నిన్ననే చెబితే రెండు గుడ్లు వేయించేదాన్నిగా' అంది, అంతే. మరుసటి శనివారం మాకరోనీ చీజ్ చేసింది. ఈమధ్య నా పెసరట్టుకి అల్లం తక్కువైందని వంకలు పెడుతోంది.

కాబట్టి నైట్ డ్యూటీలు అడక్కు, కనీసం మొదటి చలికాలం దాటేదాకా. ఎవరైనా పిలిస్తే మొదటిసారే వెళ్ళు. ఏం తినవో గుమ్మంలోనే చెప్పు.

రైలు దిగే రోజు ముందుగా రాయి, స్టేషన్‌కి వస్తాను. నాకు డ్యూటీ పడితే పక్కింటావిడ వస్తుంది. కారులో వెనక సీట్లో పెద్ద నల్లకుక్క ఉంటుంది, నాకుతుంది గానీ కరవదు.