డెట్టాల్ నీళ్లతో కడిగితే రోగం పోదు

చెల్లీ, మీ ఏరియాలో సెక్స్ వర్కర్ అక్కలు "డెట్టాల్ నీళ్లతో లోపల కడుక్కుంటున్నాం, మాకేం లేదు, చెకప్ ఎందుకు" అంటున్నారని రాశారు. వాళ్లకు అవగాహన కల్పించే ఈ పనిలో కొత్తలో నేనూ ఇక్కడే తడబడ్డాను.

కడిగితే హెచ్ఐవీ, గనేరియా లాంటి సుఖవ్యాధులు ఆగవు. పైగా లోపల కాపలా కాసే మంచి బ్యాక్టీరియా పోయి, పొర రేగి, ఇన్‌ఫెక్షన్‌కి దారి దొరుకుతుంది. బయట మామూలు నీళ్లు చాలు, లోపలికి ఏదీ వద్దనండి.

అసలు చిక్కు ఆ "మాకేం లేదు" దగ్గరే. ఆడవాళ్లలో గనేరియా, క్లమీడియా అనే ఇంకో సుఖవ్యాధి చాలాసార్లు పైకి ఏమీ కనబడనివ్వవు. సిఫిలిస్ అనే సుఖవ్యాధి పుండు నొప్పి లేకుండా వచ్చి దానంతటదే మానుతుంది, రోగం మాత్రం ఒంట్లోనే ఉంటుంది. నివురుగప్పిన నిప్పు అంటే వాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. సుఖవ్యాధుల కోసం ప్రభుత్వం నడిపే సురక్షా క్లినిక్‌లో పరీక్ష, మందులు ఉచితం. హెచ్ఐవీ పరీక్షకు మాత్రం బలవంతం చేయకండి, 2017 హెచ్ఐవీ/ఎయిడ్స్ చట్టం ప్రకారం వాళ్ల సమ్మతి ఉండాలి.

ఇంకోటి, వాళ్ల హ్యాండ్‌బ్యాగ్‌లో నిరోధ్ పక్కన కొబ్బరినూనె సీసా ఉందేమో అడగండి. నూనె తగిలితే నిరోధ్ రబ్బరు పాడవుతుంది, అది కళ్లకు కట్టాలి. ఊదిన నిరోధ్‌కి నూనె రాసి పట్టుకోండి, కాసేపట్లో టప్‌మని పేలుతుంది. నా గంట ఉపన్యాసం కన్నా అదే పనిచేసింది! నూనె బదులు జారుడు కోసం నీటితో చేసిన జెల్లీ (లూబ్రికెంట్) ఇవ్వండి.

నిరోధ్ చిరిగితే 72 గంటల్లోపు, వీలైతే అదే రోజు, ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లి హెచ్ఐవీ అంటకుండా ఆపే పెప్ మందులు అడగండి. 28 రోజులు వాడాలి. అర్ధరాత్రి అనుమానమొస్తే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేయమనండి.