స్కాన్‌లో ఏమీ లేదంటే జబ్బు లేదని కాదు

మానసిక రుగ్మతలను మెదడు జబ్బులుగా చూస్తే మనిషి కష్టసుఖాలు పక్కకు పోవా అని మీరు అడిగారు. మా ఇంట్లో దానికి పూర్తిగా వ్యతిరేకంగా జరిగింది. అది మెదడు జబ్బని ఒప్పుకున్న తరువాతనే మా తమ్ముడి బాధను మావాళ్లు బాధగా చూశారు.

వరంగల్ ఏనుమాముల మార్కెట్‌లో మిర్చి అమ్మి వచ్చినవాడు ఆ తరువాత రాత్రుళ్లు కంటిమీద కునుకు లేకుండా తిరిగాడు. అలసట లేదు, ఆకలి లేదు. ఒక మాట ముగియకముందే మరో మాట అందుకునేవాడు. ఒకనాడు తెల్లవారకముందే నన్ను లేపి, కోల్డ్ స్టోరేజీలన్నీ తానే కొంటున్నానని, బయానా కూడా ఇచ్చేశానని చెప్పాడు. పంట డబ్బులో సగం దారిన పోయేవారికి పంచిపెట్టాడు. పెద్దవాళ్లు బాణామతి అన్నారు, తాయెత్తు కట్టించారు. నేను పట్టుబట్టి ఆసుపత్రికి తీసుకువెళితే తలకు స్కాన్ తీశారు, అందులో ఏమీ కనిపించలేదు. వెంటనే మా మేనమామ, "స్కాన్ల ఏం రాలే గదా, ఇగ ఈ నాటకాలు బంద్ జెయ్యుమను" అన్నాడు. ఆ మాట నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. స్కాన్ గడ్డనో రక్తస్రావాన్నో చూపుతుంది గాని, కణాల మధ్య సంకేతాలు ఎలా నడుస్తున్నాయో చూపదు.

డాక్టరు బైపోలార్ అని, అంటే కొన్నాళ్లు మితిమీరిన హుషారు, కొన్నాళ్లు తీవ్రమైన దిగులు వచ్చే జబ్బని తేల్చి లిథియం రాశారు. 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ ఉన్మాదానికి, అంటే ఆ మితిమీరిన హుషారుకు, ఇచ్చి చూసిన లవణమిది. ఇంటిల్లిపాదీ బతిమాలినా ఆగనిది కొన్ని వారాల మందుతో కుదుటపడిందంటే, లోపం వాడి బుద్ధిలోనో మా పెంపకంలోనో లేదని నమ్మడానికి నాకు అది చాలు.

అయితే ఈ మందుకు మేలు చేసే మోతాదుకూ హాని చేసే మోతాదుకూ మధ్య దూరం తక్కువ. రక్తంలో దాని స్థాయిని, మూత్రపిండాలను, థైరాయిడ్‌ను పరీక్షిస్తూ ఉండాలి. మన ఎండల్లో చేను పనికి పోయి ఒంట్లో నీరు తగ్గినా, ఒళ్లు నొప్పులకు డైక్లోఫెనాక్ వేసుకున్నా ఆ స్థాయి పెరుగుతుంది. మెడికల్ షాపుల్లో ఏ మందులు వాడుతున్నారని అడగకుండానే నొప్పి గోలీలు చేతిలో పెట్టడం చూస్తే నాకు కోపం ఆగదు.

ఇక కష్టాల సంగతి. అప్పు, దుఃఖం, నిద్రలేమి కూడా మెదడు మీదనే పని చేస్తాయి. నిద్ర చెడితే ఉన్మాదం తిరగబెట్టవచ్చు కాబట్టి, కల్లంలో రాత్రి కాపలా మేము వాడికి అప్పగించము. జబ్బు పేరు చెప్పగానే బీమా ఏజెంటు మాత్రం మొహం తిప్పుకున్నాడు. శరీర వ్యాధులతో సమానంగా మానసిక వ్యాధులకూ బీమా ఇవ్వాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 21వ సెక్షన్‌లో ఉంది. మీ ఇంట్లో ఎవరికైనా అవసరమైతే ఆ సెక్షన్ చూపించి లిఖితపూర్వకంగా జవాబు అడగండి.