స్వర సందేహాలు: నలుగురు ఉకులేలే వాయిస్తే గోల ఎందుకు కాదు?

ప్రశ్న: మా అమ్మాయి ఎనిమిదో తరగతి. చిన్న గిటారులాంటి ఉకులేలేతో నలుగురు విద్వాంసులు ఒకే వేదికపై చేసిన కచేరీ ఫోనులో చూసింది. బడి వార్షికోత్సవంలో తానూ ముగ్గురు స్నేహితురాళ్లతో అలాగే వాయిస్తానంటోంది. వీళ్లు మా ఇంట్లో కలిసి వాయిస్తే మాత్రం ఒకటే గోల. రికార్డింగు పంపుతున్నాను. అవే నాలుగు తీగలు కదా, వాళ్లకు కుదిరింది వీళ్లకెందుకు కుదరడం లేదు?
– ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: రికార్డింగు విన్నానమ్మా. మీ ఇంటి ఫ్యాను కూడా బాగానే వినిపించింది. పిల్లల చేతుల్లో దోషమేమీ లేదు. నలుగురూ ఒకే కార్డును, అంటే ఒకేసారి కలిపి మోగించే స్వరాల గుత్తిని, ఒకే చోట పట్టి, ఒకే ఊపుతో మీటుతున్నారు. ఒకరు కార్డు మార్చడంలో వెనకబడి, మిగతావారిని అందుకోవడానికి పరుగు తీస్తున్నారు. గోల అక్కడే పుడుతోంది.

ఉకులేలేకు ఉన్న జాగా చాలా ఇరుకు. మామూలు అమరికలో తీగలు, పాశ్చాత్య స్వరాల పేర్లతో, జి, సి, ఇ, ఎ. అన్నిటికన్నా కింది స్వరం సి, అంటే మన లెక్కలో ఒకటో శ్రుతి షడ్జం (స). అక్కడి నుంచి పైకి సుమారు రెండు స్థాయిలు (స నుంచి పై స దాకా ఒక స్థాయి), అంతే. నలుగురూ అందులోనే తిరిగితే ఒకరి కాలు ఒకరు తొక్కక తప్పదు. అందుకే కచేరీలు చేసేవారు ముందుగా జాగాను పెంచుకుంటారు. ఒకరు జి తీగ తీసేసి, మందపాటి తీగతో ఒక స్థాయి కిందికి దించుతారు. మరొకరు బారిటోన్ అనే పెద్ద ఉకులేలే పట్టుకుంటారు. దాని తీగలు డి, జి, బి, ఇ, అచ్చం గిటారులో సన్నని నాలుగు తీగల్లాగే. 1985లో మొదలైన గ్రేట్ బ్రిటన్ ఉకులేలే ఆర్కెస్ట్రాను చూడండి. చిన్న సోప్రానో నుంచి బాస్ దాకా రకరకాల పరిమాణాలు వాళ్ల చేతుల్లో కనిపిస్తాయి.

ఆ కచేరీని మళ్లీ ఒకసారి అమ్మాయితో కలిసి చూడండి. ఈసారి పాట నడిపే మనిషిని వదిలేసి, పక్కవారి ఎడమచేతిని గమనించండి. వేళ్లు తీగలను నొక్కకుండా ఊరికే ఆనించి ఉంచుతారు. కుడిచేయి మీటితే స్వరం రాదు, ‘చిక్’మని పొడి శబ్దం వస్తుంది. అదే వాళ్ల తాళవాద్యం. ఎంత గొప్ప విద్వాంసుడైనా తన వంతు వచ్చేదాకా ఆ ‘చిక్ చిక్’తో సరిపెట్టుకుంటాడు. ఆ ఓర్పు ఉన్న కచేరీయే నాకు కచేరీ. నలుగురూ వేగం చూపించుకునేవైతే నేను పది నిమిషాలు కూడా కూర్చోలేను.

ఇక మీ పిల్లల సంగతి. వేలు పెట్టకుండా తీగలు మీటి, సి తీగను షడ్జంగా అనుకోండి. స, గ, ప, ద దొరుకుతాయి. సి తీగ మీద రెండో మెట్టు నొక్కితే చతుశ్రుతి రిషభం (రి). మోహన రాగం సిద్ధం! మోహనలో పిల్లలకు వచ్చిన గీతం ఏదైనా ఒకటి తీసుకోండి. ఒకరు గీతం వాయించాలి. రెండో అమ్మాయి సి, జి తీగలను మాత్రమే తంబురాలాగా మీటుతూ ఉండాలి. మూడో అమ్మాయికి సి, ఎ మైనర్ కార్డులు చాలు, రెండూ ఒక్క వేలితో పడతాయి. అదీ ఆవర్తనం (తాళం ఒక చుట్టు) మొదట్లో ఒక్కసారే. ఎఫ్ కార్డు జోలికి వెళ్లవద్దు, అందులో మధ్యమం (మ) ఉంది, మోహనకు అది పరాయి. నాలుగో అమ్మాయిది ‘చిక్’. రెండోసారి గీతం మొదలైనప్పుడు పనులు మార్చుకోమనండి, లేకపోతే ‘చిక్’ అమ్మాయి అలుగుతుంది.

కర్ణాటక రాగమైన మోహనకు పాశ్చాత్య కార్డులేమిటని నా మిత్రులు కొందరు కోప్పడతారు. కోప్పడనివ్వండి, ఇది వార్షికోత్సవం.

ప్రశ్న: ఉకులేలే నేర్చుకుంటానంటే మా మామయ్య ‘అది ఆటబొమ్మ’ అని నవ్వుతున్నారు. నిజమేనా?
– ఒక విద్యార్థి, నాగర్‌కర్నూల్

జవాబు: బాబూ, 1879లో పోర్చుగల్‌కు చెందిన మదీరా దీవి నుంచి హోనలూలుకు వచ్చిన వలసదారుల్లో ముగ్గురు వడ్రంగులు ఉన్నారు. తమ ఊరి చిన్న తీగవాద్యాన్ని చూసుకుని అక్కడ వాళ్లు తయారు చేసిందే ఇది. హవాయి రాజు కలకౌవా దాన్ని కొలువులో వాయింపించాడు. హోనలూలులోనే పుట్టిన జేక్ షిమాబుకురో న్యూయార్క్ పార్కులో ఒంటరిగా కూర్చుని వాయించిన వీడియో 2006లో లోకమంతా తిరిగింది. అది మామయ్యకు చూపించు. తీగలు తక్కువని నవ్వితే, మీ జిల్లావాడే అయిన దర్శనం మొగులయ్య కిన్నెర పట్టుకుని 2022లో పద్మశ్రీ అందుకున్న సంగతి కూడా గుర్తుచెయ్యి. సొరకాయ బుర్రలు, వెదురు బొంగుతో చేసిన వాద్యమది.

ప్రశ్న: కొత్త ఉకులేలే పొద్దున శ్రుతి చేస్తే సాయంత్రానికి దిగిపోతోంది. వాద్యం చెడిపోయిందా?
– ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్

జవాబు: లేదండీ. నైలాన్ తీగలు కొత్తలో సాగుతాయి. ఒక్కో తీగను మధ్యలో పట్టి మెల్లగా పైకి లాగి, మళ్లీ శ్రుతి చేయండి. కొన్నాళ్లు ఇలా చేస్తే నిలబడుతుంది. మన ఎండాకాలంలో దాన్ని కారులోనో, రేకుల గదిలోనో వదలవద్దు, జిగురు ఊడి చెక్క లేస్తుంది. నలుగురు కలిసి వాయించేటప్పుడు అందరూ ఒకే ట్యూనరుతో, వేదిక దీపాల కింద కాసేపు కూర్చున్న తర్వాత శ్రుతి చేసుకోవాలి. ఇంటి దగ్గర చేసుకున్న శ్రుతి ఆ వేడికి నిలవదు.