గీజర్ వేస్తే ఆర్‌సీసీబీ పడిపోతోంది, తీసేయొచ్చా?

దయచేసి ఆర్‌సీసీబీ తీయించకండి అండి, కరెంటు ఎక్కడైనా కారితే సప్లై ఆపేసే స్విచ్ అది. గీజర్ వేసిన పది నిమిషాలకి పడిపోతోంది, ఎలక్ట్రీషియన్ బైపాస్ చేద్దామంటున్నాడు, ఎంసీబీ (లోడు ఎక్కువైతే పడిపోయే స్విచ్) ఎలాగూ ఉంది కదా అని మీరు అడిగారు. సరిగ్గా ఇదే మా ఇంట్లో జరిగింది. మాది నల్గొండ వైపు, అంతా బోరు నీళ్ళే. మేము బైపాస్ చేయించాం కూడా. నాలుగో రోజు పొద్దున అమ్మ బాత్రూంలోంచి, కుళాయి పట్టుకుంటే చెయ్యి జివ్వుమంటోంది రా అంది. టెస్టర్ పెడితే కుళాయి మీదే లైట్ వెలిగింది. ఇప్పటికీ అది తల్చుకుంటే నాకు భయమే.

ఎంసీబీ ఉన్నది వైర్లు కాలిపోకుండా చూడ్డానికి. 2000 వాట్ల గీజర్ 9 ఆంపియర్ల దాకా లాగుతుంది, దానికి 16 ఆంపియర్ల ఎంసీబీ పెడతారు, మనిషి ప్రాణం తీయడానికి అందులో వందో వంతు కూడా అక్కర్లేదు, అంత చిన్న కరెంటు ఎంసీబీకి లెక్కలోకే రాదు. ఆర్‌సీసీబీ పని వేరే, ఫేజ్‌లో వెళ్ళింది న్యూట్రల్‌లో తిరిగి వస్తోందా లేదా అని చూస్తుంటుంది, ఇళ్ళలో పెట్టేది తేడా 30 మిల్లీ ఆంపియర్లకి చేరేలోపే పడిపోతుంది. అంటే మీ ఇంట్లో కరెంటు ఎక్కడో బయటికి కారుతోంది, అది మీకు ఆ సంగతి చెప్తోంది.

మా గీజర్ విప్పిస్తే ఎలిమెంట్ మీద సున్నం గార బొటనవేలు మందాన పట్టేసి ఉంది. మెకానిక్ దాన్ని గీకితే కింద రాగి గొట్టం మీద వెంట్రుకంత పగులు, అందులోంచి తడిసిన తెల్ల పొడి. చల్లగా ఉన్నప్పుడు ఏం కాదు, వేడెక్కి పగులు తెరుచుకుంటే నీళ్ళు లోపలికి పోయి లీకేజీ మొదలు, అందుకే ఆ పది నిమిషాలు. దానికి తోడు మా ఎర్త్ గుంతలో ఏళ్ళ తరబడి ఎవరూ నీళ్ళు పోయలేదు, ఎండిపోయి ఉంది, కారిన కరెంటు భూమిలోకి సరిగ్గా పోక గీజర్ బాడీకీ కుళాయికీ ఎక్కింది. ఎలిమెంట్ మార్పించి, ఎర్త్ కొత్తగా వేయించి, ఆర్‌సీసీబీ మళ్ళీ పెట్టించాం, ఆ తర్వాత ఒక్కసారి కూడా పడలేదు.

మీరు ముందు గీజర్ ప్లగ్ పీకేసి ఒక రోజు చూడండి. పడకపోతే గీజరే. మెగ్గర్ (ఇన్సులేషన్ ఎంత బాగుందో కొలిచే మీటర్) ఉన్న ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎలిమెంట్ పిన్నుకీ బాడీకీ మధ్య 500 వోల్టులతో చూడమనండి, మాది దాదాపు సున్నా చూపించింది, కనీసం ఒక మెగా ఓం అయినా రావాలి. ప్లగ్ పీకాక కూడా పడుతుంటే, ఇన్వర్టర్ ఉందా మీకు? ఇన్వర్టర్ లైన్ న్యూట్రల్‌నీ మెయిన్ న్యూట్రల్‌నీ ఏదో బోర్డులో కలిపేసి ఉంటారు, చాలా ఇళ్ళలో అలాగే చేస్తారు, అప్పుడు లీకేజీ లేకపోయినా పడుతుంది. అది ఒక్కో బోర్డూ విప్పి విడదీయాల్సిందే, అర పూట పని.