ఏ వాల్వు ఎక్కడ, అల్లుడూ

చిత్తూరు

చిరంజీవి మేనల్లుడికి మామ దీవెనలతో రాయునది.

తిరుపతిలో నువ్వు ఒప్పుకున్న పని గురించి మీ అమ్మ చెప్పింది. కింద ఓనరు ఇల్లు, పైన రెండంతస్తుల్లో యాత్రికులకిచ్చే గదులు ఎనిమిది. నువ్వు పంపిన సామాన్ల లిస్టు కూడా చూశాను. పైపులు మీటర్ల లెక్కన, మలుపు తిప్పే ఎల్బోలు, మూడు దారులు కలిపే టీలు సైజుల వారీగా బాగానే రాశావు. వాల్వుల దగ్గరికి వచ్చేసరికి 'వాల్వులు - 24' అని ఒక్క ముక్కతో తేల్చేశావు. ఏ వాల్వులయ్యా అవి? మూసి తెరిచేది వేరు, ధార తగ్గించి హెచ్చించేది వేరు, పోయిన నీళ్ళను వెనక్కి రానివ్వనిది వేరు, మనిషి చెయ్యి పడకుండా తనంతట తనే మూసుకునేది వేరు. ఒకదాని పని ఇంకొకదానికి అప్పజెప్పావంటే ఏడాది తిరక్కుండా టైల్స్ పగలగొట్టాల్సి వస్తుంది. నీళ్ళు వచ్చే దారి వెంటే చెప్పుకుంటూ పోతాను, లిస్టు పక్కన పెట్టుకుని చదువు.

వీధిలో మెయిన్ మీద, మన పైపుకు నీళ్ళు తీసేచోట ఉండే ఫెర్రూల్ కార్పొరేషన్ వాళ్ళది, దాని జోలికి పోవద్దు. మీటరు దాటాక మన వైపు ఒక ఇత్తడి బాల్ వాల్వు (లోపల చిల్లున్న గుండు తిరిగి మూసి తెరిచేది), దాన్ని ఆనుకుని ఒక యూనియన్ (పైపు కోయకుండా విప్పుకునే జాయింటు). అక్కణ్ణించి సంపులోకి దిగేచోట ఫ్లోట్ వాల్వు, నీళ్ళు నిండగానే బంతి తేలి తనంతట తనే మూసుకునేది. వంటింటికి మంచినీళ్ళ కుళాయి కూడా ఆ లైనులోంచే తీస్తావు కాబట్టి ఫ్లోట్ వాల్వు ముందు విడిగా ఇంకో బాల్ వాల్వు ఉండాలి. లేకపోతే పది రూపాయల వాషరు మార్చడానికి ఇంటి మొత్తానికీ నీళ్ళు ఆపాలి.

ఫ్లోట్ వాల్వుల్లో హై ప్రెషర్, లో ప్రెషర్ అని రెండు రకాలు. హై ప్రెషర్ దానికి లోపలి రంధ్రం సన్నగా ఉంటుంది. వీధి లైనుకు అదే కావాలి. లో ప్రెషర్‌ది బిగిస్తే పెద్ద రంధ్రం మీద నీటి తోపుడు బంతి బలాన్ని మించిపోయి పూర్తిగా మూసుకోదు, సంపు పొర్లుతుంది. పాత ఇంట్లో సంపు పొర్లుతోందని ఎవరన్నా పిలిస్తే ముందు బంతిని విప్పి చెవి దగ్గర ఊపు. లోపల నీళ్ళ చప్పుడు వచ్చిందా, బంతికి చిల్లు పడినట్టే. రాకపోతే వాషరు చూడు. ఇంకో సంగతి, ఫ్లోట్ వాల్వు మూతి ఓవర్‌ఫ్లో పైపు కంటే పైన ఉండాలి. మునిగి ఉంటే వీధి లైనులో ప్రెషర్ పడిపోయినప్పుడు సంపు నీళ్ళను వెనక్కి పీల్చుకుంటుంది.

బోరు నీళ్ళను, కార్పొరేషన్ నీళ్ళను ఒక టీ పెట్టి కలపొద్దు. మధ్యలో ఎన్ఆర్‌వీ (నీళ్ళను వెనక్కి రానివ్వని వాల్వు) ఉంది కదా అని ధైర్యపడొద్దు. దాని రెక్క కింద ఒక్క ఇసుక రేణువు ఇరుక్కుంటే చాలు, బోరు నీళ్ళు వీధి మెయిన్‌లోకి ఎక్కుతాయి. రెండు పైపులూ వేర్వేరుగా వచ్చి సంపులో పైనుంచి పడాలి.

ఇక మోటారు. సంపు మీద మోనోబ్లాక్ (మోటారు, పంపు ఒకటిగా ఉండేది) పెడతావు గనుక నీళ్ళు లాగే సక్షన్ పైపు అడుగున ఫుట్ వాల్వు తప్పదు, లాగిన నీళ్ళను కిందికి జారనివ్వనిది అదే. దాని జల్లెడ సంపు అడుగు నుంచి కనీసం ఒక అడుగు ఎత్తులో వేలాడాలి. నేలకు ఆనిస్తే బురదంతా లాగుతుంది, ఆ బురదే వాల్వును మూసుకోనివ్వదు. సక్షన్ పైపు మోటారు మూతి కంటే సన్నగా ఉండకూడదు. ప్రైమింగ్ (మోటారు వేసే ముందు పంపులో నింపి ఉంచే నీళ్ళు) నిలవడం లేదనగానే మనవాళ్ళు ఫుట్ వాల్వు మార్చేస్తారు. అసలు తప్పు ఎక్కడుందో ముందు తేల్చుకోవాలి. ప్రైమింగ్ మూత తీసి నిండా నీళ్ళు పోసి పది నిమిషాలు చూడు. మట్టం దిగిపోతుంటే ఫుట్ వాల్వు కారుతోంది. మట్టం నిలిచి, మోటారు తిరిగేటప్పుడు మాత్రం నీళ్ళు బుడగలు బుడగలుగా తుపుక్కుమంటూ వస్తుంటే సక్షన్ జాయింటులో ఎక్కడో గాలి లాగుతోంది. ఆ గాలికి ఫుట్ వాల్వు ఎన్ని మార్చినా లాభం లేదు. నీళ్ళు లేకుండా మోటారు తిరిగితే లోపలి సీల్ కాలిపోతుంది, ఓనరుకు చెప్పి పెట్టు.

డెలివరీ వైపు వరస ఎప్పుడూ ఇదే: మోటారు, యూనియన్, ఎన్ఆర్‌వీ, ఆ తర్వాత గేట్ వాల్వు (చక్రం తిప్పితే లోపల పలక లేచి దిగేది). తిరగేసి గేట్ వాల్వు ముందు పెట్టావంటే ఎన్ఆర్‌వీ విప్పిన రోజు పైపులో నిలబడ్డ నీళ్ళన్నీ నీ నెత్తిన పడతాయి. ఎన్ఆర్‌వీ మీద బాణం గుర్తు చూసుకో. రెక్క రకం స్వింగ్ వాల్వును అడ్డంగా పెట్టొచ్చు, నిలువు పైపులోనైతే నీళ్ళు పైకి పోయే చోటే పెట్టాలి. కిందికి పారే పైపులో రెక్క వేలాడిపోయి మూసుకోదు. మోటారు ఆపగానే గోడలో 'ఢబ్' అని చప్పుడొస్తే నీళ్ళు వెనక్కి తిరిగాక రెక్క ఆలస్యంగా కొట్టుకుంటోందని అర్థం. అక్కడ స్ప్రింగ్ రకం వాడు, అది నీళ్ళు తిరక్కముందే మూసుకుంటుంది. అలాగని స్ప్రింగ్ రకాన్ని ట్యాంకు నుంచి దిగే లైనులో పెట్టొద్దు. స్ప్రింగును నెట్టడానికే కొంత ప్రెషర్ పోతుంది, అక్కడున్నదే అంతంతమాత్రం. ఎల్బోకు ఎన్ఆర్‌వీకి మధ్య పైపు సైజుకు అయిదు రెట్లు తిన్నని పైపు వదులు. మలుపు దగ్గర సుడి తిరిగే నీళ్ళకు రెక్క అదురుతూ తొందరగా అరిగిపోతుంది.

మామిడి తోటలకు డ్రిప్ వేసేవాళ్ళు కూడా నిన్ను పిలుస్తారు, కాబట్టి ఇదీ చెప్తున్నా. మెయిన్ పైపు ఎత్తుగా ఉన్నచోట ఎయిర్ వాల్వు పెట్టించు. మోటారు ఆగినప్పుడు పైపులోకి గాలి రాకపోతే డ్రిప్పర్లు బురదను లోపలికి పీలుస్తాయి. ఎరువు కలిపే వెంచురీ ఉంటే, దానికీ బోరుకూ మధ్య ఎన్ఆర్‌వీ లేకుండా పని అప్పగించొద్దు.

ట్యాంకు దగ్గరికి వద్దాం. పొరపాట్లు ఎక్కువగా జరిగేది ఇక్కడే. 10 మీటర్ల నీటి ఎత్తు ఉంటే దొరికేది చదరపు సెంటీమీటరుకు 1 కేజీ ప్రెషర్. పై అంతస్తు షవరుకూ ట్యాంకు అడుగుకూ మధ్య 2 మీటర్లే ఉంటే అక్కడికి చేరేది 200 గ్రాములు. ఆ కాస్త ప్రెషర్‌ను వాల్వే మింగేస్తే గదిలోని మనిషి నెత్తిన నాలుగు చుక్కలు పడతాయి. అంగుళం లైనులో పూర్తిగా తెరిచిన గేట్ వాల్వు, సుమారు 20 సెంటీమీటర్ల పైపు అదనంగా వేసినంత రాపిడి పెడుతుంది. ఫుల్ బోర్ బాల్ వాల్వు ఇంకా తక్కువ. అదే ధార తగ్గించి హెచ్చించే గ్లోబ్ వాల్వు పెడితే 8 మీటర్లకు పైగా పైపు వేసినట్టే, ఎందుకంటే దాని పొట్టలో నీళ్ళు రెండు మలుపులు తిరగాలి. పైకి చూస్తే గేటూ గ్లోబూ అన్నదమ్ముల్లా ఉంటాయి, రెండింటికీ చక్రమే. గ్లోబ్‌కు పొట్ట ఉబ్బెత్తుగా ఉండి పక్కన బాణం ఉంటుంది, గేటు తిన్నగా ఉంటుంది, నీళ్ళు ఎటునుంచి వచ్చినా దానికి ఒకటే. అంగడిలో అడక్కుండా ఏదిస్తే అది తెచ్చుకోవద్దు.

ధార తగ్గించి నడపాల్సిన చోట మాత్రం గ్లోబే కావాలి. గేట్ వాల్వును సగం తెరిచి వదిలేస్తే లోపలి పలక నీటి తోపుడికి అదిరి అంచు అరుగుతుంది, తర్వాత ఎంత బిగించినా కారుతుంది. బాల్ వాల్వుకూ అంతే, దాని సీటు ఒకపక్క కోసుకుపోతుంది. ఇవి రెండూ అయితే పూర్తిగా తెరవాలి, లేదా పూర్తిగా మూయాలి.

ట్యాంకు నుంచి బయటికి తీసే పైపు మూతి అడుగుకు రెండు మూడు అంగుళాల పైన ఉండాలి, అడుగున చేరిన మడ్డి గదుల్లోకి రాదు. ఆ మడ్డి కడగడానికి అన్నిటికంటే కింద వాష్‌అవుట్, దానికో బాల్ వాల్వు. ఒక్కో అంతస్తుకు ఒక్కో డౌన్ లైను, ఒక్కోదానికి ఒక వాల్వు. వాల్వు దాటిన వెంటనే ఒక అరంగుళం వెంట్ పైపును ట్యాంకు నీటిమట్టం కంటే ఎత్తుకు లేపి మూతి వంచి తెరిచి ఉంచు. ట్యాంకు ఖాళీ అయి మళ్ళీ నిండినప్పుడు లైనులో గాలి చిక్కి గదుల్లో నీళ్ళు రావడం లేదనే ఫిర్యాదు సగం దీంతోనే పోతుంది. మేడ మీద ప్లాస్టిక్ వాల్వులు వద్దు. తిరుపతి ఎండలో వాటి హ్యాండిళ్ళు పెళుసెక్కి చేతిలోకి ఊడొస్తాయి. ఇత్తడివే పెట్టు.

బోరు నీళ్ళ సున్నం గురించి ఒక మాట. బాల్ వాల్వును ఏళ్ళ తరబడి కదపకపోతే సున్నం గుండును పట్టేస్తుంది. అవసరమైన రోజు బలంగా తిప్పితే గుండును తిప్పే కడ్డీ, అదే స్పిండిల్, తెగుతుంది. మూడు నెలలకోసారి ప్రతి వాల్వునూ ఒకసారి మూసి తెరవమని లాడ్జి కుర్రాడికి చెప్పు. గేట్ వాల్వైతే పూర్తిగా తెరిచాక అర చుట్టు వెనక్కి తిప్పి ఉంచు, పట్టేయదు. మూసినా కారుతుంటే పైపు తొడిగి బిగించొద్దు. కింద గాడిలో రవ్వ పడి ఉంటుంది, కొంచెం తెరిచి నీళ్ళు జోరుగా పోనిచ్చి మూయి, నాలుగైదుసార్లు చేస్తే కొట్టుకుపోతుంది. చక్రం కింద స్పిండిల్ దగ్గర చుక్కలు పడుతుంటే వాల్వు మార్చక్కర్లేదు, స్పిండిల్ చుట్టూ ఉండే గ్లాండ్ నట్టు పావు చుట్టు బిగించు. ఆగకపోతే నీళ్ళు ఆపి నట్టు లేపి టెఫ్లాన్ దారం రెండు మూడు చుట్లు చుట్టి మళ్ళీ బిగించు.

గదులకు: ప్రతి గదికీ డక్టులో (పైపులు దిగే సందులో) ఒక ముప్పావు అంగుళం బాల్ వాల్వు, చెయ్యి పట్టేంత చోటుతో. తిరుపతిలో గది ఖాళీగా ఉండే రోజు దొరకదు. ఒక కమోడు ట్యాంకు కారితే ఎనిమిది గదులకు నీళ్ళు ఆపుతావా? ప్రతి వాల్వుకూ అల్యూమినియం బిళ్ళ కట్టి గది నంబరు చెక్కించు, పెయింటుతో రాస్తే ఏడాదిలో చెరిగిపోతుంది.

యాంగిల్ వాల్వులు (గోడలోంచి బేసిన్, కమోడు, గీజరులకు నీళ్ళిచ్చేవి) బిగించే ముందు ప్రతి పాయింటునూ తెరిచి పది నిమిషాలు నీళ్ళు వదులు. పైపు కోసిన పొట్టు, ఇసుక బయటికి పోవాలి. ఇప్పటి వాల్వుల్లో సిరామిక్ బిళ్ళలు ఉంటాయి, ఒక్క రవ్వ గీత పెడితే అది జీవితాంతం కారుతుంది. గోడ వైపు మరకు టేపు చుట్టాలి. కనెక్షన్ పైపు తగిలించే వైపు వద్దు, అక్కడ రబ్బరు వాషరే నీళ్ళాపుతుంది, టేపు చుడితే నట్టు సరిగా కూర్చోదు. సున్నం పట్టి బిగుసుకున్న వాల్వు లోపలి కార్ట్రిడ్జ్‌ను గోరువెచ్చని నీళ్ళలో చెంచాడు నిమ్మ ఉప్పు వేసి రాత్రంతా నానబెట్టు. యాసిడ్ మాత్రం వద్దు, పైపూత తినేస్తుంది.

గోడలో దాచే స్టాప్ కాక్‌కు టైల్ మందం, కింద సిమెంటు మందం ముందే అడిగి తెలుసుకో. దాని ప్లాస్టిక్ తొడుగు మీద రెండు గీతలుంటాయి, టైల్ ముఖం ఆ రెంటి మధ్యకు రావాలి. ఎక్కువ లోపలికి పోతే పిడి అందదు, బయటికొస్తే రంధ్రాన్ని కప్పే గిన్నె గోడకు ఆనదు. పూత వేయకముందే గాలంతా వదిలి, 6 కేజీల ప్రెషర్ పెట్టి రెండు గంటలు గేజు ముల్లు కదలకుండా ఉండేదాకా చూడు.

గీజరు దగ్గర అస్సలు తప్పు జరక్కూడదు. చన్నీళ్ళ వైపు వరస: యాంగిల్ వాల్వు, సేఫ్టీ వాల్వు, గీజరు. సేఫ్టీ వాల్వుకూ గీజరుకూ మధ్య ఇంకే వాల్వూ ఉండొద్దు. 25 లీటర్ల నీళ్ళు 25 డిగ్రీల నుంచి 75కి కాగితే అర లీటరుకు పైగా ఉబ్బుతాయి. సేఫ్టీ వాల్వులోని ఎన్ఆర్‌వీ వాటిని వెనక్కి పోనివ్వదు, ఆ ప్రెషర్ దాని పక్క రంధ్రంలోంచే చుక్కలుగా పోవాలి. చుక్కలు పడుతున్నాయని ఎవరన్నా దానికి బిరడా కొడితే గీజరు పగులుతుంది. చిన్న గొట్టం తగిలించి ఆ చుక్కలను డ్రైన్‌లోకి దించు. ఓనరు మేడ మీద సోలార్ పెడితే దాని వెంట్ పైపుకూ ఇదే మాట, వాల్వు పెట్టకూడదు.

ప్రెషర్ తగ్గించే వాల్వు పెట్టమని అంగడివాడు అంటగట్టొచ్చు. 20 మీటర్ల ఎత్తు లాడ్జికైనా కింది అంతస్తులో ఉండేది 2 కేజీలే. ప్రెషర్ పంపు లేనంతవరకు ఆ ఖర్చు దండగ. బటర్‌ఫ్లై వాల్వు కూడా అంతే, మూడంగుళాల పైపుకు దిగువన దాని అవసరం రాదు.

బిగించేటప్పుడు చెయ్యి ఎక్కడ పెడతావన్నది చూసుకో. పైపు ఏ వైపు ఎక్కుతోందో వాల్వును ఆ వైపు పట్ట మీదే స్పానరుతో పట్టుకోవాలి. అవతలి వైపు పట్టుకుంటే వాల్వు నడుం మెలిపడి మధ్య జాయింటులో కారుతుంది. ఇత్తడి మరను ప్లాస్టిక్ మరలోకి ఎక్కించొద్దు, పగులుతుంది, ఇత్తడి మర లోపల పోసిన ప్లాస్టిక్ జాయింటు, అంటే ఎఫ్‌టీఏ వాడు. సీపీవీసీ (వేడినీళ్ళకు తట్టుకునే ప్లాస్టిక్) బాల్ వాల్వును సొల్యూషన్ పూసి అతికేటప్పుడు తెరిచి ఉంచు, సొల్యూషన్ పల్చగా పూయి. ఎక్కువైతే లోపలికి కారి గుండును అతికిస్తుంది. అతికి అరనిమిషం కదలకుండా పట్టుకో, మర్నాటిదాకా నీళ్ళు వదలొద్దు.

కొనేటప్పుడు ఐఎస్ఐ గుర్తు చూడు. గేటు, గ్లోబు ఇత్తడి వాల్వుల మీద ఐఎస్ 778 అని ఉండాలి. జేబులో ఒక అయస్కాంతం పెట్టుకో. బాల్ వాల్వు మూతిలోంచి గుండుకు తాకించు, గట్టిగా అతుక్కుంటే అది పూత పూసిన ఇనుము, తుప్పు పడుతుంది.

ఇప్పుడు నీ 24 కొట్టేసి లెక్క వేసుకో. గదికి బేసిన్‌కు రెండు, కమోడుకు ఒకటి, గీజరుకు రెండు, అంటే ఒక్క గదులకే 40 యాంగిల్ వాల్వులు. గదుల బాల్ వాల్వులు 8, సేఫ్టీ వాల్వులు 8. వాటికి ట్యాంకు దగ్గరవి, మోటారు దగ్గరవి, సంపు దగ్గరవి, కింది ఇంటివి కలుపుకో. సైజు, రకం, చోటు మూడూ ప్రతి వరసలో రాసి లిస్టు మళ్ళీ పంపు, చూసి చెప్తాను. అంతవరకూ అంగడికి అడ్వాన్సు ఇవ్వొద్దు.

ఇట్లు,
మీ మామ