గీత మీదే నొక్కినా బంతి పక్కకే!

ప్రశ్న: సూపర్ నింటెండో (పాత వీడియో గేమ్ యంత్రం) గోల్ఫ్ ఆటను పాత డబ్బా టీవీలో బాగానే ఆడేవాణ్ణి. ఎల్ఈడీ టీవీకి మార్చాక బంతి ఎప్పుడూ ఒకే పక్కకు పోతోంది. స్కోర్లూ నిలవట్లేదు.
– ఓ పాఠకుడు, అమలాపురం

జవాబు: తప్పు మీ చేతిది కాదండీ. తెర మీది మీటర్‌లో (గుర్తు కదిలే పట్టీలో) మొదటి నొక్కు స్వింగ్ మొదలుపెట్టడానికి, రెండోది బలానికి, మూడోది గురికి; ఆ మూడోది గుర్తు గీత మీదకు వచ్చినప్పుడు నొక్కాలి. కొత్త టీవీ బొమ్మను సవరించి ఆలస్యంగా చూపిస్తుంది. సెకనుకు 60 ఫ్రేముల (తెర మీద మారే బొమ్మల) ఆటలో 100 మిల్లీసెకన్ల ఆలస్యమంటే 6 ఫ్రేములు. మీకు గుర్తు గీత మీద కనబడేసరికే ఆటలో అది గీత దాటిపోయింది. టీవీలో ఈ ఆలస్యాన్ని తగ్గించే గేమ్ మోడ్ పెట్టండి, అప్పటికీ తేడా ఉంటే గీతకు కాస్త ముందే నొక్కండి. బంతి రెండు పక్కలకూ పోతుంటే మాత్రం సాధన చాలదన్నమాటే.

స్కోర్ల సంగతి: కార్ట్రిడ్జ్‌లోని (ఆట ఉండే క్యాసెట్‌లోని) 3 వోల్టుల బ్యాటరీ అయిపోయి ఉంటుంది. రేకులు అతికించి ఉన్న బ్యాటరీయే కొని టంకం వేయించండి. బ్యాటరీ బిళ్ళ మీద నేరుగా వేడి పెట్టకూడదు. కోనసీమ చెమ్మకి కార్ట్రిడ్జ్ అంచున ఉండే లోహపు పళ్ళు ఆకుపచ్చబడితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి, గరుకు కాగితం వద్దు.