ఏడావుల ఇంట్లో ఒక ఆవు

చిరంజీవికి,

నీ కథ అందింది. రెండుసార్లు చదివాను. ఏడావులున్న ఇంట్లో ఒక ఆవు గురించి రాశావు గాని, తక్కిన ఆరూ ఎక్కడా కనపడవు. అసలు చిక్కు అక్కడే ఉంది. ఆ ఆరూ ఎలాంటివో తెలియని పాఠకుడికి ఏడోది గొప్పదని నువ్వెంత చెప్పినా, సరేలే అని పేజీ తిప్పేస్తాడు.

ముందు పేరు సంగతి. 'తెల్లావు' అన్నావు. ఒంగోలు మందలో అన్నీ తెల్లవేనయ్యా! 'తెల్లావుని ఇప్పుకు రా' అంటే ఏ పలుపు ఇప్పాలి? రంగు ఒకటే అయిన చోట ఇంట్లోవాళ్ళు వేరే ఆనవాలు పట్టుకుంటారు. కొమ్ము వాలితే వాలుకొమ్ముది. సంతలో కొన్నది సంతావు. కోడలి పుట్టింటి నుంచి తోలుకొచ్చింది కందుకూరావు, దాని కడుపున పుట్టింది కందుకూరావు పెయ్య. ఆ పెయ్య నాలుగు ఈతలు ఈనినా ఆ ఇంట్లో ఇంకా పెయ్యే. పేర్లు ఇలా పెడితే ఏ ఆవు ఏ దారిన ఆ కొట్టంలోకి వచ్చిందో విడిగా చెప్పనక్కర్లేదు.

'విల్లులా వంగిన పొడుగాటి కొమ్ములు' కొట్టెయ్. ఒంగోలు జాతికి కొమ్ములు పొట్టివి, మొదట్లో లావువి. కంటి చుట్టూ నల్లటి అంచు, నల్ల ముట్టె, మడతలు పడి వేలాడే గంగడోలు ఉంటాయి. ఆవుకి మూపురం కోడెకున్నంత ఉండదు. మూడో పేజీలో అది ముందుకాళ్ళు ఊని 'చివాలున లేచింది'. అలా లేచేది గుర్రం. ఆవు వెనకభాగం ముందు ఎత్తుతుంది, ముందు మోకాళ్ళ మీద ఒక్క క్షణం ఆగుతుంది, తర్వాత ముందుకాళ్ళు చాపుతుంది. నిండుచూడి ఆవుకో ముసలి ఆవుకో ఆ ఆగడం కాస్త ఎక్కువసేపు ఉంటుంది. నీ కథలో దిగులు కావాల్సిన చోట అది వాడుకో, దిగులు అనే మాట అక్కర్లేదు.

బేరం ఘట్టంలో కొనేవాడు పైపళ్ళు చూశాడని రాశావు. ఆవుకి పైదవడ ముందరి పళ్ళుండవు. చూసేది కింది ఎనిమిదీ. పాలపళ్ళూడి మొదటి జత వచ్చేది రెండు, రెండున్నరేళ్ళ మధ్య, అప్పుడది రెండు పళ్ళది. ఎనిమిదీ మారేసరికి అయిదేళ్ళు దగ్గరపడతాయి. నీ బేరగాడు ఇది తెలిసిన మనిషి. కాబట్టి వాడు మాట్లాడడు, పెదవి ఎత్తి చూసి వదిలేస్తాడు. ఆ మౌనం చాలు.

ఇక పాలు. 'పూటకు పది లీటర్లు' అనగానే చదివేవాడికి జెర్సీ సంకరం కళ్ళ ముందు నిలుస్తుంది. తక్కినవి పూటకు రెండేసి ఇస్తుంటే నీది మూడున్నర ఇవ్వనీ, ఆ ఇంట్లో అదే పెద్ద వింత. అంతకంటే ముఖ్యం, పాలెలా వస్తాయో రాయి. నాటు ఆవు దూడ నోరు తగలందే చేపదు, అంటే పొదుగులోకి పాలు దించదు. దూడని విడిచి, నాలుగు గుక్కలు తాగనిచ్చి, పొదుగు చేపాక లాగి తల్లి ముట్టె దగ్గర కట్టాలి. అది దూడని నాకుతుండగా పిండాలి. చేపు అయిదారు నిమిషాలే నిలుస్తుంది. ఆలోగా కొత్తమనిషి కొట్టంలోకి వచ్చినా, కుక్క మొరిగినా పాలు ఎగబీలుస్తుంది, ఇక దించదు. నీ కథలో చుట్టాలబ్బాయి సరిగ్గా పాలు పితికే వేళ ఫోన్ పట్టుకుని ఫొటోలు తీస్తాడు, అయినా చెంబు నిండుతుంది! నిండనివ్వకు. ఆ పూట ఇంట్లో కాఫీకి పాలు తక్కువ కానీ.

ఇప్పుడు అసలు ఘట్టానికి వస్తాను. వాలుకొమ్ముది ఈని చచ్చిపోతే దాని దూడకి నీ ఆవు పాలిచ్చింది. మంచి ఊహ. అయితే మూడు వాక్యాల్లో తేల్చేసి, కన్నీటి బొట్టొకటి తగిలించావు. ఆవు తన దూడని వాసనతో గుర్తుపడుతుంది. ఈనిన తొలి గంటల్లో నాకి నాకి ఆ వాసన పట్టుకుంటుంది. పరాయి దూడ పొదుగు దగ్గరికొస్తే తన్నుతుంది, లేదా కొమ్ము విసురుతుంది. అందుకని మొదట తల్లిలేని దూడని సంతావు దగ్గరికి తీసుకెళ్ళు. వీపు మీద ఉప్పు, తౌడు చల్లి నాకించబోతారు. అది తౌడంతా నాకి, చివర్న ఒక్క తన్ను తన్నుతుంది. కందుకూరావు దగ్గరా అంతే. ఈలోగా పొద్దు గడుస్తుంటుంది. పుట్టిన గంటా రెండు గంటల్లో ముర్రుపాలు, అంటే ఈనగానే వచ్చే తొలిపాలు, కడుపులో పడకపోతే దూడ నిలబడ్డం కష్టమని ఇంటావిడకి తెలుసు. అప్పుడు రానీ నీ ఆవుని. ఉప్పూ తౌడూ లేకుండానే నిలబడనీ. ఈ తన్నులు లేకపోతే ఆ నిలబడ్డానికి విలువుండదు. ఇంకోటి, నీ ఆవు కూడా ఆ రోజో ముందురోజో ఈని ఉండాలి, లేకపోతే ముర్రుపాలు ఎక్కణ్ణుంచి వస్తాయి?

ఆ లెక్కకు ముందు పేజీలు దిద్దుకోవాలి. సంక్రాంతికి చూడి కట్టిందన్నావు, ఉగాదికి ఈనిందన్నావు. చూడి తొమ్మిది నెలల పది రోజులు. సంక్రాంతికి కడితే దీపావళి అటూఇటూగా ఈనుతుంది. అప్పుడు నీ కథంతా తుఫాను రోజుల్లోకి జరుగుతుంది. జరగనీ, ఎండు వరిగడ్డి తడిసే బెంగ కూడా కలిసొస్తుంది.

బ్రెజిల్ పేరా తీసెయ్. 2023లో వియాటినా-19 అనే నెల్లోర్ ఆవులో మూడోవంతు వాటా వేలమైతే మొత్తం విలువ 43 లక్షల డాలర్లు పలికిందన్నదీ, దాని బరువు 1,101 కిలోలన్నదీ, ఆ జాతి మన నెల్లూరు పేరు మోస్తున్నదన్నదీ నిజమే. కథకుడి నోట వింటే మాత్రం వార్తలా ఉంది. ఉంచాలనిపిస్తే ఫోన్ పట్టుకున్న ఆ కుర్రాడితో చెప్పించు, ఇంటావిడ పేడతట్ట నెత్తికెత్తుకుంటుండగా. ఆవిడ ఏమంటుందో నువ్వే ఆలోచించు.

సత్యం తప్పని ఆవూ పులీ కథ చిన్నప్పుడు అందరం విన్నాం. ఆ నీడ నీ ఆఖరి పేజీ మీద మరీ పడింది. ఆవు చేత త్యాగం చేయించకు. సాయంత్రం మంద ఇల్లు చేరేప్పుడు తొట్టి దగ్గర ఎవరు ముందు తాగాలన్నది మందలో ఎప్పుడూ తేలిపోయిన విషయమే, సంతావుది మొదటి వంతు. పరాయి దూడని దగ్గరకు తీసిన మర్నాడు కూడా అదే వరస. నీ ఆవు నాలుగోది.

మొత్తం తిరగరాసి పంపకు. ముందు ఆ ఆరింటి పేర్లూ, ఏది ఎన్నో ఈతదో, గాడి దగ్గర ఏది ఎక్కడ కట్టి ఉంటుందో ఒక కాగితం మీద రాసి పంపు.

ఆశీస్సులతో.